కోడలికి పై భాగం

రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ జార్జి టౌన్ అన్నదమ్ముల భాగపత్రాలు నా చేతిమీదుగా ఎన్నో వెళ్ళాయి. మా ఇంట్లో మాత్రం పంచుకోవడానికి ఏమీ లేదనుకున్నాను, కంప్యూటర్ వచ్చేదాకా.

అది కోడలిది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆమె వెళ్ళాక పగలంతా దాని ముందు నేనే. నలభై ఏళ్ళ నా డైరీలకు విషయసూచిక తయారుచేస్తున్నాను, ఏ సంగతి ఏ తేదీన ఉందో దొరికేట్టు. రెండు వేళ్ళతో పదకొండు నెలలు కొట్టాను. ఫ్లాపీలో ఒక నకలు పెట్టుకోమని కోడలు చెబుతూనే ఉంది. పూర్తయ్యాక పెడదామనుకున్నాను.

ఒక ఆదివారం ఆమె అంది: "మామా, దీని డిస్కును రెండు భాగాలు చేయాల. ఒకదాన్లో మీ విండోస్, ఇంకోదాన్లో నా లినక్స్. ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది వస్తాది."

భాగాలు అనేసరికి నాకు ఉద్యోగం తిరిగి వచ్చినట్టయింది. తెల్లకాగితం తీశాను.

"హద్దులు చెప్పు."

"హద్దులేంది మామా, డిస్కులో కొలతకి సిలిండర్లు ఉంటాయి."

"గ్యాసు సంగతి మీ అత్తను అడుగు. హద్దులు చెప్పు."

చివరికి పైన ఒక గడి, కింద ఒక గడి గీశాను. మా వంశంలో పెద్దవాళ్ళు పంచాలి, చిన్నవాళ్ళు ముందు ఎంచుకోవాలి. ఎంచుకోమన్నాను. ఆమె కాగితం వైపైనా చూడకుండా నవ్వి, "పైది" అంది. పై గడిలో 'కోడలు' అని రాసి సంతకం చేశాను.

విండోస్‌ను ఒక పక్కకు సర్ది చోటు చేసేసరికి మధ్యాహ్నమైంది. లినక్స్ సీడీ వేశాక, ఏ భాగాన్ని చెరిపి ఎక్కించమంటారని తెర మీద రెండు వరుసలు వచ్చాయి. నేను కాగితం చదివాను: "పైది, కోడలికి." ఆమె పై వరుస మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"అయ్యో మామా! పైదాన్లో కాపురముండేది మీరే కదా! మీ డైరీల లిస్టంతా ఆడే ఉండాది. నొక్కితే గోవిందా!"

పదకొండు నెలల పని అది. అయినా నోరు ఊరుకోలేదు. "ఎంచుకున్నావు కదమ్మా. ఇచ్చిన భాగం వెనక్కి తీసుకోకూడదు."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "ఉండే ఇంటిని ఈయనే కూలగొట్టుకుంటారంట! నువ్వు కిందది తీసుకోమ్మా. పైమేడ ఎండకి కాలతాది."

"అవునత్తా, కిందదే చల్లగా ఉంటాది" అని కోడలు వంత పాడింది.

కాగితం మీద 'కోడలు' అన్నది కొట్టేసి కింది గడిలో రాసి, కొట్టివేత పక్కన ముగ్గురం సంతకాలు చేశాకే ఎంటర్ నొక్కనిచ్చాను.

సాయంత్రం మిషను ఏ భాగంలోకి వెళ్ళాలని అడిగింది. నాది చెప్పాను. సూచిక కనబడింది. అయినా నమ్మకం కుదరక డైరీలన్నీ అటక మీదినుంచి దించి, వరుసకు వరుస సరిచూశాను. నాలుగోరోజున సూచికలో ఒక్క సంగతి తగ్గినట్టు తేలింది. మా పెళ్ళి.

డైరీలో ఉంది. ముహూర్తం పది నిమిషాలు ఆలస్యమైందని కూడా రాసుకున్నాను. సూచికలోకి ఎక్కించడమే మరిచాను. తల తిప్పితే మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది.

"ఏం, నాది లేదా?"

నేను నోరు తెరిచేలోపే కోడలు అందుకుంది: "భాగం చేసేటప్పుడు పోయినట్టుండాది అత్తా. తప్పు నాదే."

మా ఆవిడ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నలభై ఏళ్ళల్లో పోయేదానికి నా పెళ్ళే దొరికిందా?"