సొర నూనె పరీక్ష

కళింగపట్నంలో గున్నమ్మ కాచే సొర నూనె తెలియనివాళ్ళు లేరు. వలలో సొర చేప పడితే దాని కార్జం ఆమెకే వదిలేసేవారు. పసుపు కొమ్ము వేసి సన్నని సెగ మీద కాచేది. అత్త నేర్పిన మందు. తాడు కోసుకున్నా, ఆల్చిప్ప గీరుకున్నా జనం ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

మొగుడు జగన్నాధం కాలికి జెల్ల చేప ముల్లు దిగినప్పుడూ ఆ నూనే పోసింది. మూడోరోజుకి వాపు పిక్కదాకా ఎక్కింది. కూతురు కుసుమకుమారి ఆటో తెచ్చి నిలబెట్టింది.

"సికాకులం ఎల్దాం, లెగు అయ్యా."

"మీ యమ్మ నూనె ఉండగా ఆస్పత్రెందుకే?" అని నవ్వాడు జగన్నాధం.

ఆ మాటకు గున్నమ్మ పొంగిపోయింది. ఆటోను తనే వెనక్కి పంపేసింది. ఆరోరోజున స్పృహలేని మనిషిని మోసుకెళ్ళారు. చీము రక్తంలో కలిసిపోయిందన్నారు డాక్టర్లు. మర్నాడు శవాన్ని ఇచ్చారు.

"అయ్యను నువ్వే సంపేసినావు," అంది కుసుమకుమారి. దినం అవగానే భీమిలిలో అత్తవారింటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళయింది, మళ్ళీ రాలేదు.

అప్పుడొచ్చింది సుహాసిని. యూనివర్సిటీలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. చేప నూనెలు, తేనె, పాత నెయ్యి లాంటి నాటుమందులు నిజంగా క్రిములను చంపుతాయా అని చూస్తోందట. గున్నమ్మ ఆత్రంగా సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"మంచిదని తేలితే కాయితమ్మీద రాసియ్యి పాపా. మా అమ్మాయికి సూపించాల."

మూడు నెలలకు సుహాసిని తిరిగొచ్చింది. కాగితం లేదు. ఫోన్లో ఫొటో చూపించింది. గాజు పళ్ళెం నిండా బూజులా క్రిములు. ఆస్పత్రి మందు పెట్టిన చోట చుట్టూ శుభ్రంగా ఉంది. నూనె పెట్టిన చోట అంచుదాకా పెరిగిపోయాయి.

"మూడుసార్లు చేశామమ్మా. ఇదే వచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ తగ్గినోలు?"

"చిన్న గాయాలు కదా. వాటంతటవే మానుంటాయి."

గున్నమ్మ చాలాసేపు ఆ ఫొటోనే చూసింది. "మూడో నాడే ఆస్పత్రికెల్తే మా ఆయన బతికీవోడు కదా?"

"చెప్పలేనమ్మా."

"సెప్పలేవా, సెప్పవా?"

సుహాసిని ఫోన్లో ఆ ఫొటో మూసేసింది.

ఆ సాయంత్రం గున్నమ్మ పక్కింటి ఎల్లాజీ ఫోన్ అడిగి తీసుకుంది. తన ఫోన్ నుంచి చేస్తే కూతురు ఎత్తదు.

"నానే, కుసుమా. ఫోన్ పెట్టీకమ్మా. నువ్వన్నదే నిజం. పరీచ్చ సేసి సెప్పినారు. నా నూనె ఎందుకూ పనికిరాదంట."

అవతల ఏడుపు వినిపించింది.

"అయ్యే కదే రానన్నాడు," అంది కుసుమకుమారి.

"నాను ఎల్లమంటే ఎల్లీవోడు. నా మాట ఎన్నడు కాదన్నాడు?"

తల్లీ కూతుళ్ళు ఫోన్లోనే ఏడ్చుకున్నారు. ఫోన్ కోసం వచ్చిన ఎల్లాజీ ఆమెను చూసి, అడగకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.