నాన్నకు గ్రీకు వంట వండిన నలభై రోజులు

ముందుగా దేవునికి స్తోత్రం. నా వంట తిన్నవాళ్ళనందరినీ క్షేమంగా నిలబెట్టిన ఆయన కృపను తలచుకోకుండా ఈ సంగతి చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, సండే స్కూల్లో పిల్లలకు పౌలు ప్రయాణాల్ని పటం మీద వేలు పెట్టి చూపిస్తూ ఉండేదాన్ని. చేతిలో కొత్త ఫోను, అందులో ప్రపంచంలోని వంటలన్నీ. ఆ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియకపోవడం తర్వాత మెల్లగా మొదలవుతుంది.

శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మా నాన్న, హిందీ మాట్లాడే ఊళ్ళో ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవారు. పైన క్యాబిన్‌లో కూర్చుంటే ఆఫీసర్లు కూడా చీమల్లా కనిపిస్తారని ఆయనకు ఎంత గర్వమో. ఆ ఏడాది వైద్య పరీక్షలో బీపీ బాగా ఎక్కువ వచ్చింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, నలభై రోజులు గడువిచ్చారు. అప్పటికీ దిగకపోతే ఇక క్రేన్ ఎక్కనివ్వరట, కింద పని చూసుకోవాలట. నాన్న ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడి, "ఇరవయ్యారేళ్ళు ఆకాశంలో కూకున్నోణ్ణి, ఇప్పుడు కింద కూకుని రిజిస్టరు రాయమంతారేటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ పూట అన్నం సగం వదిలేశారు. మా నాన్న పళ్ళెంలో అన్నం వదలడం నేను అదే మొదటిసారి చూడడం.

ఈస్టరుకు ముందొచ్చే నలభై ఉపవాస దినాలు, అంటే శ్రమదినాలు, మొదలవుతున్న వారం అది. ఎలాగూ మాంసం మానేస్తాం. నేను మోకరించి ప్రార్థన చేసి, లేచి ఫోను తెరిస్తే, గుండెకు మేలు చేసే గ్రీకు భోజనమని ఒక వీడియో కనిపించింది. (ప్రార్థనకు జవాబు అంత వేగంగా వస్తే కాస్త అనుమానించాలని ఇప్పుడు తెలుసు.) గ్రీకు దేశం! ఫిలిప్పీ, కొరింథు! పౌలుగారు నడిచిన ఊళ్ళు, ఆయన తిన్న తిండి! ఆ క్షణమే ఆవకాయ జాడీని, విశాఖ వైపు నుంచి బంధువులు రైల్లో తెచ్చిన ఎండుచేపల మూటను అటక ఎక్కించేశాను. మా సెక్టర్ 4 క్వార్టర్‌లో అంతటి విప్లవం అంతకుముందు జరగలేదు.

అమ్మ మొదటి రోజే అడ్డం తిరిగింది. మందుల షాపులో కొన్న ఆలివ్ నూనె చూసి, "ఏటే ఇది? చంటిపిల్లలకి రాసీ నూనె కాదేటి? మీ నాన్నకి ఒళ్ళు రుద్దుతావా, కూరొండుతావా?" అంది. పెరుగులో కీరా తురుము, వెల్లుల్లి కలిపితే గరిటెతో రుచి చూసి, "పెరుగుపచ్చడే గదా. పాపం ఆళ్ళకి తాలింపు తెలీదు గావాల" అని గ్రీకు జాతి మొత్తం మీద జాలిపడింది. నేను చలించలేదు. ఆలివ్ కాయలు మన బజారులో దొరకవు, దొరికినా మనం కొనలేం. అందుకని పచ్చి రేగుకాయలు తెచ్చి, పెద్ద సీసాలో ఉప్పునీళ్ళు పోసి ఊరబెట్టాను. గ్రీకువాళ్ళ చీజ్ బదులు డెయిరీ పనీరు ముక్కల్ని గుప్పెళ్ళకొద్దీ ఉప్పు వేసిన నీళ్ళలో నానబెట్టాను. వీడియోలో అమ్మాయి అలాగే చేసింది మరి! మూడు పూటలా నాన్న పళ్ళెంలో పెట్టేదాన్ని. ఆయన ఒక్కొక్క ముక్క నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగి, "బావుందమ్మా" అనేవారు.

మూడు వారాలకు మధ్య పరీక్ష. నేనూ వెంట వెళ్ళాను, మెప్పు పొందుదామని. డాక్టరమ్మ బీపీ చూసి, మళ్ళీ చూసి, కళ్ళజోడు తీశారు. పెరిగింది! నాన్న ముఖం పాలిపోయింది. "ఖానే మే నమక్ కమ్ కియా?" అని, ఉప్పు తగ్గించారా లేదా అని గట్టిగా నిలదీశారావిడ. "బిల్కుల్ మేడమ్! అచార్ బంద్, సూఖీ మఛ్‌లీ బంద్. బేటీ గ్రీక్ ఖానా బనాతీ హై" అన్నారు నాన్న, ఆవకాయ, ఎండుచేపలు మానేశామని, అమ్మాయే గ్రీకు వంట చేస్తోందని, ఆ స్థితిలో కూడా నన్ను గర్వంగా చూపిస్తూ. ఏం పెడుతున్నావో చెప్పమని ఆవిడ నన్నడిగారు. నేను ఉత్సాహంగా రేగుకాయలు, పనీరు, ఉప్పునీళ్ళు అన్నీ వర్ణించాను. చెబుతూ చెబుతూ "గుప్పెళ్ళకొద్దీ ఉప్పు" దగ్గరికి వచ్చేసరికి నాలుక కరుచుకున్నాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "బేటీ, అచార్ హటాకే పూరా సముందర్ ఖిలా దియా?" అంటూ, పచ్చడి తీసేసి సముద్రం మొత్తం తినిపించానని నవ్వడం మొదలుపెట్టారు.

నాకు నవ్వు రాలేదు. స్కూటర్ వెనక కూర్చుని దారంతా ఏడ్చాను. నాన్నను క్రేన్ మీంచి నేనే దించేస్తున్నానని. నాన్న ఎర్రదీపం దగ్గర ఆపి, వెనక్కి తిరిగి, "ఏడవకే. పౌలుగారంటే ఓడ ములిగి ఉప్పునీళ్ళు తాగేడు. మనం ఇంట్లో కూకుని తాగేం, అంతే తేడా" అన్నారు.

"నీకు ఉప్పగా తెలియలేదా నాన్నా?"

"తెలీకేటి? నాలుక మండిపోయీది. నువ్వు మోకరించి మరీ వండుతున్నావు, ఏటనమంతావు?"

మిగిలిన రోజులు ఉప్పు డబ్బా అమ్మ చేతికి వెళ్ళింది. శనగలు, పాలకూర, కీరా పెరుగు, నిమ్మరసం పిండిన చేప. వంట గ్రీకుదే, కాపలా శ్రీకాకుళానిది. ఈస్టరుకు ముందు వారం ఆఖరి పరీక్ష. డాక్టరమ్మ రెండుసార్లు చూసి, "ఠీక్ హై. చఢియే ఊపర్" అని క్రేన్ ఎక్కమన్నారు. నాన్న వరండాలోకి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆయన పెదవులు కదులుతుంటే అటుగా పోయే నర్సు కూడా ఒక నిమిషం ఆగింది.

ఈస్టరు భోజనానికి అమ్మ మాంసం కూర వండింది. నాన్న రెండు ముద్దలు తిని, చుట్టూ చూసి, "ఆ గిరీకు పెరుగు లేదేటే ఇయ్యాళ?" అన్నారు. అమ్మ గరిటె పట్టుకునే పైకి చూసి, "ఓలమ్మో, ఈయనకి మారుమనసు కలిగింది ప్రభువా!" అంది.

ఇప్పుడు నా వంటింట్లో నేనే పెద్దదాన్ని. ఎవరైనా పిల్ల వచ్చి, ఫోను చూపించి, "ఆంటీ, ఇది చాలా మంచిదంట" అంటే, ఆ పిల్ల కళ్ళలో ఇరవై రెండేళ్ళ నేను కనిపించి నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా. అంత నమ్మకంతో ఒక్క కూరైనా మళ్ళీ వండగలనా? చదివేవారు దయచేసి ఒక నిమిషం నాతో తలవంచండి: ప్రభువా, మాకు ఉత్సాహం ధారాళంగా ఇచ్చావు, కొలత కూడా నేర్పించు. మేము నేర్చుకునేలోగా, మేము వండింది మాట్లాడకుండా తినేవాళ్ళను నీ రెక్కల చాటున దాచు. ఆమేన్.