ఈశాన్యం మూల వడ్లు

శృంగవరపుకోట అవతల, కొండవార ఉన్న ఒక జీడితోటలో రాతియుగం వాళ్లు చెక్కి పారేసిన రాతిముక్కలు దొరికాయి. వాళ్ల కాలంలో అక్కడ అడవి ఉండేదా, గడ్డి ఉండేదా, వానలు ఎలా పడేవి అన్నది తేల్చే పని మా విభాగానికి వచ్చింది. దానికి పెద్దను నేను. చేసేది నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి.

మొక్క కుళ్లిపోయినా దాని ఆకుల్లో, పొట్టులో ఉండే గాజులాంటి సన్నటి రేణువులు మట్టిలో మిగిలిపోతాయి. గడ్డివి ఒక ఆకారం, వెదురువి ఒక ఆకారం. మట్టిని పొరల వారీగా తీసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి ఏ మొక్కవి ఎన్ని ఉన్నాయో చూడాలి. ఆ చూడటంలో ఆమె కళ్లద్దాల నంబరు పెరిగింది.

రాతిముక్కలున్న పొరలోనే వడ్ల పొట్టు, గోధుమ పిండి, పసుపు తాలూకు రేణువులు కనపడ్డాయి. రాతియుగంలో, కొండవార, గోధుమ!

ఆమె రోజూ చపాతీలు తెచ్చుకునేది. నాన్నకు షుగరు రావడంతో ఇంటిల్లిపాదికీ అవే. కూరలో పసుపు ఎలాగూ ఉంటుంది. నాకు ఇంకేమీ ఆలోచించాలనిపించలేదు.

"మట్టి దగ్గర కూచుని తిన్నావా?"

"నేదు సార్."

"మరి గోధుమ ఎక్కణ్ణించి వచ్చింది?"

"తెలీదు సార్. కానీ పొట్టుతో ఉన్న వడ్లు కూడా ఉన్నాయి కదా. నేను అన్నం తింటాను గానీ, వడ్లు తింటానేటి?"

మంచి ప్రశ్న. దాన్ని పొగరు కింద జమకట్టాను. సమీక్ష సమావేశంలో, విద్యార్థి అజాగ్రత్త వల్ల మట్టి పాడైందని చెప్పాను. ఈశాన్యం మూల నేను తీసిన మట్టితోపాటు, పడమటి గోడలో ఆమె తీసిన మట్టినీ పక్కన పెట్టించాను. అందులో గోధుమ ఆనవాలే లేదు. అయినా పెట్టించాను. అది లేకపోతే ఆమె థీసిస్‌లో ముందుమాట తప్ప ఏమీ మిగలదు. ఆమె మానేసి, గరివిడిలో ఒక బడిలో సైన్సు చెప్పడానికి వెళ్లిపోయింది. వెళ్లేముందు మైక్రోస్కోపు తుడిచి, గుడ్డ కప్పి వెళ్లింది.

ఆ మరుసటి వేసవిలో తోట రైతు బోరు వేయిస్తూ నన్ను పిలిచాడు. తరాలుగా ఆ ఊరి గుడిలో అర్చన చేస్తున్న కుటుంబానికి చెందిన పంతులుగారు ఈశాన్యం మూల మోకాలి లోతు గుంట తీయించారు. పసుపునీళ్లు చల్లి, పళ్లెంలోంచి నవధాన్యాలు పోశారు. ముందు వడ్లు. తర్వాత గోధుమలు.

నేను నములుతున్న కొబ్బరిముక్క నోట్లోనే ఉండిపోయింది.

"మా తవ్వకానికీ ఇలాగే చేయించావా?" అని రైతును అడిగాను.

"అదేటి బాబూ, మర్సిపోనారేటి? మొదటి పిడికెడు మీ సేతే కదా ఏయించినాం. సెయ్యి సాపమంటే రెండు సేతులూ సాపినారు."

అప్పుడు గుర్తొచ్చింది. తవ్వకానికి అనుమతి రాకముందే ముహూర్తం వచ్చేసింది. పూజ వేసవిలో అయింది, తవ్వకం వానలు వెళ్లాక మొదలైంది. గుంటను అదే ఎర్రమట్టితో కప్పారు. వానలకు అది అణిగిపోయి, తవ్విన గోడలో తేడా తెలియలేదు. తేడా ఉండే ఉంటుంది, చూడాల్సినవాణ్ణి నేను. మట్టి తీయడానికి ఆ మూలను ఎంచుకున్నదీ నేనే. అక్కడ చెట్టునీడ ఉంది.

గరివిడి వెళ్లి, బడి వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. జరిగింది చెప్పాను. ఆమె అంతా విన్నది.

"ఆ రోజు ప్రసాదం ఏటి పెట్టారు సార్?"

"పులిహోర."

"బాగుందా?"

"బాగుంది."

"ఇదంతా నాకెందుకు చెప్తన్నారు? నేను వడ్లు తిననని నాకు తెల్సు. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి."

తర్వాతి సమావేశంలో అదే గదిలో, అదే మనుషుల ముందు చెప్పాను. రాతియుగంలో గోధుమలు పోసింది నేనని, ఆ అమ్మాయి తప్పేమీ లేదని. ఒకాయన నవ్వి, మిగతా వాళ్లను చూసి ఆపేశారు. పడమటి గోడ మట్టిని మళ్లీ లెక్కలోకి తీసుకున్నారు. ఇప్పుడు జీడితోట ఉన్నచోట అప్పట్లో గడ్డి ఉండేదని, అక్కడక్కడా వెదురు పొదలు ఉండేవని, కొన్నాళ్లు ఎండలు ముదిరి వెదురు తగ్గిందని ఆ మట్టి చెబుతోంది. ఆ సంగతి ఏడాది కిందటే తెలిసేది.

ఈమధ్య తోటకు అటుపక్క రెండో తవ్వకానికి పూజ జరిగింది. కబురు పెడితే ఆమె బడికి సెలవు పెట్టి వచ్చింది. పంతులుగారు మంత్రం మొదలుపెట్టకముందే ఒక ప్లాస్టిక్ కవరు చాచి, పళ్లెంలోవి కొన్ని అందులో వేయమంది.

"ఇవి దేనికమ్మా?"

"పరీక్షకి పంతులుగారూ. మా సార్ మర్చిపోతారు."

గుంట ఏ మూల తీశారో కొలిచి, మేకు పాతి, ఫొటో తీసుకుంది. పంతులుగారు పిడికెడు గింజలు పట్టుకుని నావైపు తిరిగారు.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.