రెండో గోలీగా ఒక చలికాలం

నిన్న సాయంత్రం మా నార్త్ యార్క్ అపార్టుమెంటు లిఫ్టులోకి ఒక అమ్మాయి తన కంటే పెద్ద సంచీని ఈడ్చుకుంటూ ఎక్కింది. తలుపులు మూసుకోగానే వాసన వచ్చింది. తడిసిన తోలు, ఆరని చెమట, వాటిని కప్పిపుచ్చాలని చల్లి ఓడిపోయిన ఏదో సెంటు. పక్కనున్న పెద్దాయన ముక్కు మూసుకుంటే మర్యాద కాదని పైన మారుతున్న అంకెల్ని తదేకంగా చూస్తున్నాడు. నేను మాత్రం, బిర్యానీ గిన్నె మూత తీసినప్పటిలా, గట్టిగా ఊపిరి లోపలికి తీసుకున్నాను. ఆమె దిగబోతుంటే నా చెయ్యి దానంతటదే సంచీ రెండో కొసను పట్టుకుని పైకెత్తింది. నా శాలువానూ, చేతిలోని కొత్తిమీర కట్టనూ చూసి, "మీరు హాకీ ఆడతారా?" అంది. "ఒక సీజన్ జట్టులో ఉన్నాను" అన్నాను. ఆడింది కొన్ని నిమిషాలే అని చెప్పేలోగా తలుపులు మూసుకున్నాయి. కొట్టు వాళ్ల పిల్లని కదా, చీరలో చిరుగు లేని వైపే ముందు విప్పుతాను.

మాది చీరాల. నాన్నది చీరల కొట్టు, బాబాయిది పక్కనే తువ్వాళ్లూ లుంగీల కొట్టు, మేనమామది ఎదురుగా కిరాణా. మా ఇంట్లో పిల్లలకు ముందు బేరం, తరవాత మాటలు వస్తాయని అమ్మ అంటుండేది. ముప్పై దాటాక కొట్టులో కూర్చోవడం విసుగెత్తి, అందరూ పోతున్న దారిలోనే నేనూ కెనడాకి అప్లై చేశాను. సార్నియాలోని ఒక కాలేజీలో సీటు వచ్చింది. ఆ రోజుల్లో ఆ కాలేజీ శ్రావణమాసపు చీరల కొట్టులా ఉండేది. ఎటు చూసినా మనవాళ్లే, గదులు చాలక బయట హాళ్లు అద్దెకు తీసుకుని మరీ పాఠాలు చెప్పేవాళ్లు. ఒక బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. క్లాసులో ఉంటే నా షిఫ్టు ఎవరు ఎగరేసుకుపోతున్నారో అని, షిఫ్టులో ఉంటే క్లాసులో ఏం పోగొట్టుకుంటున్నానో అని, రెండూ లేకపోతే ఎందుకు లేవో అని పీకులాట. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదు. కారు లేని మనిషి ఆ ఊళ్లో ఉన్నా లేనట్టే. సోనామసూరి బియ్యం, గోంగూర, వాసన ఉన్న కరివేపాకు కావాలంటే హైవే మీద లండన్ దాకా పోవాలి, రాణిగారి లండన్ కాదు, కెనడాలోనే ఆ పేరున్న ఊరు. పోయే వాళ్ల కార్లో సీటు దొరకాలంటే, నెల ముందు నుంచి వాళ్ల వంటను మెచ్చుకోవాలి.

అలాంటి రోజుల్లో కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఆడపిల్లల ఐస్ హాకీ జట్టుకి రెండో గోలీ, అంటే గోలుకి కాపలా ఉండే మనిషి, కావాలట, అనుభవం అక్కర్లేదట. అనుభవం అక్కర్లేదన్న చోట బేరానికి చోటుంటుందని నాకు తెలుసు. వెళ్లి కోచ్‌ని కలిశాను. ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, తెల్ల మీసం, తక్కువ మాట. ఆయన బాధ ఏమిటంటే, ఆ లీగ్‌లో బెంచి మీద రెండో గోలీ పూర్తి వేషంతో కూర్చుని ఉండాలి, లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. "ఇంతమంది వచ్చారు ఈ కాలేజీకి. గోలు ముందు నిలబడడానికి ఒక్కరూ లేరా?" అన్నాడు దిగులుగా.

"నిలబడితే నాకేమిస్తారు?" అన్నాను.

"ఐస్ మీద ఆడుకునే సమయం."

"ఐస్ నేనేం చేసుకోను? బయట ఊరంతా అదే కదండీ."

ఆయన మీసంలో నవ్వాడు. చివరికి కుదిరిన బేరం ఇది: లండన్‌లో మ్యాచ్ ఉన్నప్పుడల్లా జట్టు వ్యాన్ ఇండియన్ స్టోర్ ముందు ఆగుతుంది, నేను దిగి సామాన్లు తెచ్చుకుంటాను. "నువ్వు ఆడాల్సిన అవసరం ఎప్పటికీ రాదు" అని మాట కూడా ఇచ్చాడు. నాన్నకి ఫోన్లో చెబితే, "మంచు మీద ఆటేంటే? గిట్టుబాటేనా?" అన్నాడు. కరివేపాకు మాట చెప్పాక, "అయితే సరే, పడితే మాత్రం పక్కకి పడు" అన్నాడు.

పడడం దగ్గరే మొదలుపెట్టాను. స్కేట్లు కట్టుకుని ఐస్ మీద అడుగుపెట్టగానే కాళ్లు రెండూ వేరుపడిన అన్నదమ్ముల్లా చెరో దారి పట్టాయి. గోలీ సామగ్రి కట్టుకోవడం మరో విద్య. కాళ్లకి దిళ్లలాంటి ప్యాడ్లు, ఛాతీకి కవచం, ఒక చేతికి బుట్ట లాంటి గ్లవ్, రెండో చేతికి పలక. ఒకసారి ఇంట్లో కట్టుకుని చూపిస్తే, మా రూమ్మేట్ కరీంనగర్ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, గిదేం వేషం! పరుపుకు పరుపు తొడిగినట్టున్నవ్. కల్యామాకు కోసం గింత కష్టమా?" కరివేపాకుని వాళ్లు అలాగే అంటారు. సంచీ మాత్రం అద్భుతం. మ్యాచ్ అయ్యాక ప్యాడ్లు చేతుల్లో మోసుకుని, సంచీలో బియ్యం మోసేదాన్ని. మా బేస్‌మెంట్లో ఆ చలికాలమంతా అన్నానికి ఒక క్రీడాస్ఫూర్తి వాసన ఉండేది.

మొదటి గోలీ పొడుగాటి పిల్ల, దగ్గర్లోని పొలాల ఊరి నుంచి వచ్చింది. ప్రతి మ్యాచ్‌కీ ముందు వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు వెళ్లి నిలబడేది. మా రూమ్మేట్ పిలుపు విని నన్ను తనూ "అక్కా" అనేది, రెండు కకారాల్నీ గట్టిగా విడగొట్టి. సీజన్ మొదట్లోనే కాలేజీ వాళ్లు జట్టుకి చెప్పేశారు: ఈ ఏడాది ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే ఆఖరి పోటీలకి, చేరితే జట్టు ఉంటుంది, చేరకపోతే ఇదే ఆఖరు. ఆ పిల్లకి ఇంకో ఏడాది చదువుంది. ఇంకో జట్టు లేదు. "వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉండాలి అక్కా, నాకు వేరే ఏదీ రాదు" అంది ఒకరోజు వ్యాన్‌లో, కిటికీలోంచి బయటికి చూస్తూ. నాకేమో అన్నీ కొద్దికొద్దిగా వచ్చు, ఏదీ నిలవదు. అంత ఖచ్చితంగా ఒక్కటే కావాలనుకునే మనిషి పక్కన కూర్చుంటే నాకు ఇంకా తోచనట్టుండేది.

బెంచి మీద కూడా కుదురుగా ఉండలేకపోయేదాన్ని. ఒక మ్యాచ్‌లో రిఫరీ మా పిల్ల ఒకత్తెకి రెండు నిమిషాల శిక్ష వేశాడు. ఆ రెండు నిమిషాలూ ఆమె ఆట వదిలి బయట కూర్చోవాలి, మేం ఒకరు తక్కువతో ఆడాలి. చెప్పిన ధర ఆఖరు ధర అని నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. బెంచి మీంచి లేచి, "రిఫరీ గారూ, ఒక నిమిషం చేసుకోండి! మొదటి తప్పే కదా!" అన్నాను. ఆయన విననట్టున్నాడు. ఇంకాస్త గట్టిగా, "పోనీ, ఒకటిన్నర!" అన్నాను. ఆయన చెయ్యెత్తి, మా బెంచికి ఇంకో రెండు నిమిషాలు వేశాడు. బేరమాడితే ధర పెరగడం నా జన్మలో అదే మొదటిసారి. కోచ్ నా హెల్మెట్ మీద చెయ్యి వేసి నన్ను కూర్చోబెట్టాడు. "ఇక్కడ అన్నీ ఫిక్స్‌డ్ రేట్లమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ తరవాత ఎవరికి శిక్ష పడినా పిల్లలు నా వైపు తిరిగి, "అక్కా, ఎంతకిస్తాడో అడుగు" అనేవాళ్లు.

ఆఖరి మ్యాచ్ లండన్‌లో, ఒక మధ్యాహ్నం. బయట మంచు దట్టంగా కురుస్తోంది. ఓడిపోకుండా సమయం ముగించగలిగితే చాలు, సమానమైనా ఆ ఒక్క పాయింటుతో ప్లేఆఫ్స్. ఆఖరిదైన మూడో పీరియడ్ చివరికొచ్చేసరికి స్కోరు సమానంగానే ఉంది. అప్పుడు మా గోలీ కాళ్లు చాపి, ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను ఆపి, లేవలేకపోయింది. తొడ కండరం పట్టేసింది. ఇద్దరు పిల్లలు భుజాలు పట్టి తీసుకొస్తుంటే కోచ్ నా వైపు చూశాడు. ఆయన ఇచ్చిన మాట గుర్తు చేద్దామనుకున్నాను గానీ, ఆ పిల్ల మొహం చూశాక హెల్మెట్ పట్టీ బిగించుకున్నాను. "అక్కా, నువ్వు పెద్దగా ఉండు, చాలు. పెద్దగా కనిపించు" అంది.

వెళ్లి నిలబడ్డాను. చేతులు రెండూ వీలైనంత వెడల్పుగా చాపాను. అవతలి జట్టులో ఒక పిల్ల ఒంటరిగా దూసుకొచ్చింది. చూపు నా ఎడమ భుజం మీద, పై మూలలో పాతేసింది. కొట్టులో నాన్న నేర్పిన మొదటి పాఠం, కొనదల్చుకున్న చీర వైపు ఆడవాళ్లు చూడరని. పక్క చీర విప్పించి, రంగు బాలేదని, అంచు సన్నమని వంకలు పెడుతూ, మోచేత్తో మాత్రం అసలు చీర మడత కదలకుండా పట్టుకుంటారు. ఈ పిల్ల ఇంత శ్రద్ధగా ఎడమ వైపు చూస్తోందంటే కావలసింది కుడి వైపే. కుడి వైపు పడ్డాను. బిళ్ల వచ్చి నా ప్యాడ్‌కి కొట్టుకుని పక్కకి పోయింది. మా బెంచి మీద పుట్టిన అరుపు నాకోసమని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

ఆ సంతోషం తీరక ముందే ఇంకో పిల్ల వచ్చింది. పొట్టిది, జడ హెల్మెట్ కింద నుంచి వేలాడుతోంది. నా కుడి కాలి పక్క సందుని చూసింది. ఇదీ ఆ రకమే అనుకుని ఎడమ వైపు వాలాను. ఆ పిల్ల ఎటు చూసిందో సరిగ్గా అటే కొట్టింది.

ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ స్కేట్లు విప్పలేదు. విప్పితే అయిపోయినట్టేనని అందరికీ తెలుసు. మా గోలీ తొడ మీద ఐస్ సంచీ పెట్టుకుని గోడకి ఆనుకుంది. నేను ఎదురుగా తల వంచుకుని కూర్చున్నాను.

"అక్కా, మొదటిది ఎలా కనిపెట్టావు?"

చీరల సంగతి చెప్పాను. కళ్లలో నీళ్లతోనే నవ్వింది. "మరి రెండోది?"

"ఆ పిల్ల బేరమాడే రకం కాదు. నిజంగా దేన్ని చూసిందో దాన్నే కొనుక్కుపోయింది."

అప్పుడు గది మొత్తం నవ్వింది. నవ్వు ఆగాక అందరూ మళ్లీ కాళ్లకున్న స్కేట్ల వైపే చూసుకున్నారు. నాకు కూర్చోవడం చేత కాలేదు. లేచి, స్కేట్లతోనే రబ్బరు చాప మీద తడబడుతూ, రింకు, అదే ఆ ఐస్ మైదానం, చూసుకునే ఆయన దగ్గరికి వెళ్లాను. తరవాత ఆడాల్సిన జట్టు మంచుకి హైవే మీద చిక్కుకుపోయింది. ఐస్ ఖాళీగా మెరుస్తోంది.

"గంట ఇవ్వండి" అన్నాను, అరగంట కోసం.

"కుదరదు. పదిహేను నిమిషాలు."

"స్కేట్లు కట్టుకోవడానికే అంత పడుతుందండీ."

ఆయన తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. "ఎవరూ విప్పలేదుగా" అన్నాడు. ఇంకాసేపు చూశాడు. బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మా గోలీని చూశాడు. "సరే, అరగంట. లైట్లు సగమే వేస్తాను."

మా గోలీని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఐస్ మీద తోసుకుంటూ రింకంతా తిప్పారు పిల్లలు. కోచ్ బూట్లతోనే దిగి, జారి, మీసం నిండా మంచు పొడితో లేచాడు. నేను గోలు ముందు నిలబడితే అందరూ వరసగా వచ్చి కొట్టారు. అన్నీ లోపలికే పోయాయి, ఎవరూ లెక్క పెట్టలేదు. నాకు ఆ సాయంత్రం ఏ షిఫ్టు ఉందో, మర్నాడు ఏ పరీక్ష ఉందో తోచలేదు. కొట్టులో పుట్టినదాన్ని, ఏ నిమిషాన్నైనా దేనికో దానికి మార్చుకోనిదే వదలను. ఆ అరగంటను మాత్రం దేనికీ మార్చుకోలేదు. అందుకే కాబోలు, ఆ ఏళ్లన్నీ ఎలా ఖర్చయిపోయాయో తెలియకపోయినా, అదొక్కటి ఇంకా ఖర్చు కాలేదు.