రెండో చరణం ఎవరు పాడారు?

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి పొయ్యి మీద పప్పు చూసుకునే మనిషిని నేను. ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పాను. పూనకాలూ, గాలి సోకడాలూ ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని మిమ్మల్ని కూడా అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల్లో నరసరావుపేటకి ఏటా ఒక బ్యాలే బృందం వచ్చేది. మా నాన్న చిన్నతనం నుంచీ వస్తున్నవాళ్లే. మబ్బుని వెతుక్కుంటూ కొండెక్కే పిల్ల కథ ఆడేవారు. ఏటా అదే కథ, అవే పాటలు. అయినా జనం విరగబడి వచ్చేవారు. శావల్యాపురం నుంచి ట్రాక్టర్లలో దిగేవారు. మేము మిట్టమధ్యాహ్నమే మైదానంలో చాపలు పరిచేవాళ్లం. ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే. మనిషి రాకపోయినా పక్కవాళ్లు ఆ చోటులోకి జరిగేవాళ్లు కాదు. ఇప్పుడు ఫోన్లో డాన్సులు చూసేవాళ్లకి ఆ చాప మీది సుఖం ఎలా చెప్పను?

మా అక్క పద్మకి ఆ బ్యాలే అంటే పిచ్చి. పాటలన్నీ నోటికి వచ్చు. కొండెక్కే పాటలో రెండో చరణాన్ని మా చిన్నప్పుడే తీసేశారు, ఆట పొడుగవుతోందని. అక్క మాత్రం అంట్లు తోముతూ దాన్నే పాడేది. తీసేసినవాళ్లని తిట్టుకుంటూ మరీ పాడేది.

నేను ఇంటర్ చదివే ఏడు అక్కకి మెదడువాపు జ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. అమ్మానాన్న అక్కడే ఉన్నారు. బయలుదేరేటప్పుడు జీపులోంచి అక్క నాతో అన్నది ఒకటే మాట: "ఒసేయ్, చాప మీద నా చోటు ఎవరికీ ఇయ్యమాక." అక్కడికి చేరేలోపే స్పృహ తప్పింది. నాలుగు రోజులైనా కళ్లు తెరవలేదు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఆట రోజు నేను రానన్నాను. పక్కింటి మస్తాన్‌బీ పిన్ని ఊరుకోలేదు. బట్టలు కుట్టే మనిషి; ఏటా మా చాప మీదే కూర్చునేది.

"అది నీకు చోటు అప్పజెప్పి పోయింది. నువ్వు ఇంట్లో కూకుంటే ఎట్టా? పద" అని లాక్కెళ్లింది. నా ఎడమ పక్కన అక్క చోటు వదిలి, దానికి అవతల పిన్ని కూర్చుంది.

చీకటి పడ్డాక, కొండెక్కే పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది. స్టేజీ మీద రెండు పెట్రోమాక్స్ దీపాలు మాత్రం వెలిగించారు. పాడేవాళ్ల గొంతు మా దాకా రావడం లేదు. అప్పుడు జనమే పాట అందుకున్నారు. ఆడవాళ్లూ, మగవాళ్లూ, బఠాణీలు అమ్మేవాళ్లూ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి చరణం అయింది. అందరూ అలవాటుగా చివరి చరణంలోకి వెళ్లబోయారు. ఇంతలో ఒక ఆడగొంతు రెండో చరణం ఎత్తుకుంది. నా ఎడమ పక్క నుంచే. తల తిప్పి చూసే ధైర్యం చాలలేదు. జనం పాట ఆపేశారు. కొండెక్కే పిల్ల వేషం ఆ చరణం తీసేయక ముందు నుంచీ ఒకావిడదే. ఆవిడ ఒక్క క్షణం ఆగి, పాత అడుగులు వేస్తూ ఆ చరణమంతా ఆడింది.

కరెంటు వచ్చేసరికి నాకూ పిన్నికీ మధ్య ఉత్త చాపే ఉంది.

"ఇన్నావా? మన పద్మ గొంతేనే అది" అంది పిన్ని. ఆట అయ్యాక ఆ డాన్సరు వేషం తీయకుండానే దిగి వచ్చి, ఆ చరణం పాడిందెవరమ్మా అని అడుగుతూ తిరిగింది. నేనేనని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మొదటి బస్సుకి గుంటూరు వెళ్లాను. అక్క కళ్లు తెరిచి బార్లీ నీళ్లు తాగుతోంది! రాత్రి స్పృహ వచ్చిందట. ఎన్ని గంటలకని అమ్మని అడిగాను.

"గడియారం ఎవరు చూశారే? పిల్ల బతికింది, చాలు" అని ఏడ్చింది.

పాడింది ఎవరో పాత ప్రేక్షకురాలే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. చీకట్లో గొంతు ఎటు నుంచి వస్తోందో ఒక్కోసారి చెవి పొరబడుతుంది. అక్క దగ్గర ఆ సంగతే ఎత్తలేదు.

సాయంత్రం అమ్మ బయటికి వెళ్లినప్పుడు అక్కే నా చెయ్యి పట్టుకుంది.

"నేను పాడుతుంటే పక్కన కూకుని ఆ ఏడుపేందే? ఊరుకోమన్నా ఊరుకోవే" అంది.

ఆ చీకట్లో నేను ఏడ్చిన మాట నిజం. చప్పుడు రాకుండా ఓణీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పిన్నికి కూడా తెలియదు. అక్కకి ఎలా తెలిసిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.