కనపడని రోలు

ఈ ఉదయం కాఫీ తాగుతూ ఫోను చూస్తుంటే, ఏదో ఊళ్లో అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరిచే కార్యక్రమాన్ని ఎవరో లైవ్‌లో చూపిస్తున్నారు. ఇంకా కళ్లు తెరవని ఆ ముఖం మీదుగా ఎర్రటి గుండె బొమ్మలూ, చప్పట్లు కొట్టే చేతులూ పైకి తేలిపోతున్నాయి. మా నాయన ఉండి ఉంటే ఆ ఫోను తీసుకెళ్లి కుందూ ఏట్లో పారేసి వచ్చేవాడు. నాకు మాత్రం కోపం కంటే ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నేను సొంతంగా ఒక సైటు పెట్టి గెలిచిన వారం గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు చెబితే తప్ప ఇందులో గెలుపేమిటో తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మాది ఆళ్లగడ్డలో శిల్పుల ఇల్లు. ఉలి చప్పుడుకు నిద్ర లేచి, పుస్తకాల మీది రాతిపొడి ఊదుకుంటూ బడికి పోయినదాన్ని, చదువు పుణ్యమా అని నంద్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నాను. మా ఇంట్లో తాత నాటి నుంచి ఒక కట్టడి ఉండేది. విగ్రహం అంతా పూర్తయినా కళ్లు మాత్రం చెక్కకుండా ఉంచి, ఇంటి పెద్ద ముఖం చూసి సరేనన్న తర్వాతే ముహూర్తానికి కళ్లు తెరవాలి, అంతదాకా ఆ ముఖం ఇంటి వాళ్లు తప్ప ఇంకొకరి కంట పడకూడదు. ఇంటి పెద్ద అంటే మా పెద్దనాయన. ఆయనా నాయనా తాత పక్కన ఒకే చాప మీద కూర్చుని పని నేర్చుకున్నవాళ్లు, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నా ముహూర్తానికి ముందు పెద్దనాయన బస్సు దిగాల్సిందే.

నేను సైటు పెట్టిన ఏడు పెద్దనాయన తమిళనాడులో ఒక గుడి పని మీద కొడుకుతో అక్కడే ఉంటూ, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక్కడేమో రుద్రవరం దగ్గరి ఒక పల్లె కోసం నాయన చెక్కిన అమ్మవారికి శుక్రవారం ముహూర్తం. ఫోటో తీసి పంపితే పోయేదే, కానీ ఆ మాట నాయన దగ్గర ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అంతకుముందు కొలిమిగుండ్ల వైపు ఊరికి చేసిన విగ్రహాన్ని పట్టా ఎత్తి చూసిన చుట్టమెవరో, కళ్లు లేని ముఖాన్ని ఫోటో తీసి అందరూ వాడే ఆ పెద్ద సైటులో పెట్టేశాడు. అది ఊరంతా చూసింది, ఊరి పెద్దలు ఆ విగ్రహం మాకొద్దన్నారు. షెడ్డు వెనక గోనెపట్టాల కింద అది అట్లాగే ఉండిపోయింది. ఇది కూడా వెనక్కొస్తే ఇక జన్మలో ఉలి ముట్టనని నాయన అమ్మతో అన్నాడట. ఆయన అన్నాడంటే చేసే మనిషి.

మెయిల్లో పంపుదాం నాయనా అని నేనే అడిగాను. ఆయన నా వైపు చూడకుండా, చేతిలోని ఉలిని రాతికి నూరుతూ ఒకటే అడిగాడు.

“ఆ పటం ఎవురి ఇంట్లో ఉంటాది?”

మెయిల్లో పంపితే అది ఎవరిదో కంప్యూటర్లో ఉంటుంది, మన చోటనే ఉండే దారి వెతుకుదామని నంద్యాల బస్సెక్కాను. మన సర్వర్లో మనమే పెట్టుకుని, మనకు కావలసినవాళ్లనే పిలుచుకునే సోషల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని అంతకుముందు ఎక్కడో చదివాను. ఉన్న సైట్లు చాలవన్నట్టు నువ్వొకటి పెడతావా అని మా హెడ్డు సారు ఎగతాళి చేశాడు. చేయనీ అనుకుని, ఒక సర్వర్ మీద చోటు అద్దెకు తీసుకుని, ఫైళ్లన్నీ ఎక్కించి, డేటాబేస్ తయారుచేసి, దాని పేరూ పాస్‌వర్డూ రాయాల్సిన చోట రాసి, పేజీ తెరిస్తే తెల్లగా వెక్కిరించింది. ఒక్క అక్షరం లేదు, తప్పేమిటో చెప్పే దిక్కు లేదు. ఇంగ్లీషులో ఎవరెవరో రాసుకున్న కష్టాలన్నీ చదవగా చదవగా, ఫోటోలు దాచుకునే ఫోల్డర్లో రాసే అనుమతే నేను సర్వర్‌కు ఇవ్వలేదని తెలిసింది. ఇల్లిచ్చి తలుపు తీయకపోవడమన్నమాట. ఇచ్చాను. పేజీ నిండా ఆకుపచ్చ టిక్కులు వరసగా వెలిగితే, ల్యాబ్ అని కూడా మరిచిపోయి గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పరీక్ష కోసం మా వంటింటి రుబ్బురోలు ఫోటో పెట్టి, లాగిన్ కాకుండా చూద్దామని సంజీవనగర్ వైపు ఒక నెట్ సెంటరుకు పోయి అడ్రసు కొడితే, రోలు నిండుగా కనిపించింది. లాగిన్ కాకుండానే! ఏం పెట్టినా లోకమంతా చూడొచ్చని ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే అనుకుంటుందట! ఆ రోలు స్థానంలో అమ్మవారి ముఖం ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని, మరుసటి రోజు సెలవు పెట్టి, ఒక్కో సెట్టింగూ వెతికి పట్టుకుని అన్నింటికీ తలుపులు వేశాను. ఆపైన నాయనకు ఫోను చేసి నంద్యాల రమ్మన్నాను.

తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. నెట్ సెంటరులో, మన రోలు ఫోటో చూడమని నేను లాగిన్ కాకుండా అడ్రసు కొట్టి ఇస్తే, తెర మీదికి వంగి, కళ్లజోడు ఎత్తి, దించి, చాలాసేపు చూశాడు.

“యాడుంది పాపా రోలు? ఏం కనపళ్లేదే.”

“అదే నాయనా నీకు చూపించాలనుకునింది.”

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత నవ్విన నవ్వుకు పక్క కంప్యూటర్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. లాగిన్ అయి రోలు చూపించాను. సర్వర్ అద్దెదే అని కూడా దాచకుండా చెప్పాను.

“బాడుగిల్లయితే ఏంది, బీగాలు మన కాడుంటే సాలు” అన్నాడు.

గురువారం ఉదయం నాయన తన చేత్తోనే అమ్మవారి ముఖం మీది గోనెపట్టా తీశాడు, నేను ఫోటో తీశాను. పెద్దనాయన కొడుకు అక్కడ లాగిన్ అయ్యాడు. మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కూడా నాయన కలపలేదు. అప్పుడొచ్చింది సైటులో ఆ ఫోటో కింద పెద్దనాయన మాట, కొడుకు చేత రాయించినది: “ఎడమ బొమ పైన నువ్వుగింజంత తియ్యాల. తీసి కండ్లు తెరువు.”

నాయన పోయి ముఖం ముందు నిలబడి, వేలితో ఆ బొమ తడిమి, “అవును, ఉండాది. అన్నకు ఆడ్నుంచే కనపడింది సూడు” అన్నాడు. ఆయన గొంతులో అంత గర్వం నేను అంతకుముందు వినలేదు. శుక్రవారం ముహూర్తానికి అమ్మవారు కళ్లు తెరిచింది. తొలి చూపు పడడానికి ఎదురుగా అద్దం పట్టారు, ఆ పల్లె వాళ్లు డప్పులతో వచ్చి, ట్రాక్టరు మీద పూలదండల మధ్య ఊరేగింపుగా తీసుకుపోయారు. దారి పొడుగునా నాయన కనిపించినవాళ్లందరికీ మా పాప సైటు, మా పాప సైటు అని చెప్పుకున్నాడు. సైటంటే ఇంటి స్థలమేమో, ఎక్కడ కొన్నారని ఒకాయన అడిగాడు కూడా. నేను ఏనుగెక్కినట్టే ఉన్నాను ఆ రోజంతా.

పెద్దనాయన పోయాడు, నాయనా పోయాడు. వాళ్ల మాటలు మాత్రం మా సైటులో ఉన్నాయి, ఎవరో వచ్చి తీసేస్తారన్న బెంగ లేదు. మా అన్నదమ్ముల పిల్లలు ఇప్పటికీ కళ్లు తెరవని ముఖాలను అక్కడే పెట్టి ఒకరినొకరు అడుగుతారు. బయట మాత్రం, చూడొచ్చునా అని అడిగేవాళ్లూ లేరు, ఇప్పుడే వద్దు అనేవాళ్లూ లేరు. అందరికీ అన్నీ కనిపించాలి, కనిపించినంతసేపు ఉండి మాయమైపోవాలి. చూడడానికి ఒక రోజు రావాలని ఎదురుచూడడంలో ఉండే రుచి ఎటు పోయిందో నాకు తెలియదు.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా ఫోను ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది కనుక పక్కింటి కోడలి ఫోను ఒక్క నిమిషం అడిగి తీసుకుని, లాగిన్ కాకుండా పాత అడ్రసు కొట్టాను. ఏం వెతుకుతున్నారత్తా అని అడిగింది. మా రోలు అన్నాను. తెర వైపు చూసి, ఇక్కడేం లేదు కదత్తా అంది. ఆ మాటకు నాయన నవ్వు మళ్లీ వినిపించింది.