రెండు నీళ్ల కొమ్ము

మొన్న ముసురులో భద్రాచలం బస్టాండులో బస్సు దిగగానే ఆ వాసన తగిలింది. పచ్చి మొక్కజొన్న పొత్తు ఒలిచినప్పటి వాసనకు కాస్త ఘాటు తోడైనట్టుగా ఉంటుంది. చూరు కింద ఒకావిడ గోనెసంచి పరిచి వెదురు కొమ్ములు అమ్ముతోంది. వానలు పడ్డాక వెదురు పొద మొదట్లో నేలను చీల్చుకుని పైకి వచ్చే మొలకలను కొమ్ములంటాం. పొరలు ఒలిచి కట్టలుగా పేర్చింది. ప్రతి కట్టకూ ఒక గుడ్డపీలిక, ఆ పీలికకు రెండు ముడులు.

"ఈ ముడులెందుకు?" అని తెలియనట్టు అడిగాను.

"రెండు నీళ్లు పారబొయ్యాలె సారూ. ఒక్క నీళ్లకే తింటే చేదుంటది, కడుపుల తిప్పుతది."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పుడేంది? మా తాన గట్లనే కడతరు."

ఆ ముడులు వేయించిన మనిషి పేరు ఆమెకు తెలియదు. చెప్పాలనిపించింది గాని చెప్పలేదు. ఒక కట్ట కొనుక్కుని మళ్లీ బస్సెక్కాను.

మాది జూలూరుపాడు వైపు ఒకప్పుడు పేరున్న కుటుంబం. ఏం పోయిందో, ఎలా పోయిందో చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. భూములు పోయాక మేడ పోయింది, మేడ పోయాక పలకరింపులు పోయాయి. వెన్ను నిటారుగా పెట్టి నడిచే అలవాటు, నాలుక మాత్రం మిగిలాయి. మా తాతగారు గుక్కెడు నీళ్లు పుక్కిట పట్టి అవి ఏ బావివో చెప్పేవారు. పొయ్యి మీది బియ్యం పాతవో కొత్తవో మా అమ్మ ఆవిరి వాసనతోనే కనిపెట్టేది. పులుసు బాగాలేదని విస్తరి ముందు కూర్చుని ఎవరూ అనేవారు కారు, కాని బాగాలేదని తెలియని వాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఇలాంటి నాలుక ఏనాటికైనా ఒక పనికొస్తుందని నేను అనుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఈ ప్రాంతమంతా ఇంకా ఖమ్మం జిల్లాగా ఉన్నప్పుడు, దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఒక చిన్న కేంద్రంలో సహాయకుడిగా చేరాను. ఏ పొద కొమ్ము తినడానికి పనికివస్తుందో, దాన్ని ఎలా ఉడికించాలో తేల్చి, కోయగూడేల ఆడవాళ్లు సంతలో అమ్ముకునేలా చేయడం అక్కడి పని. ఆ కేంద్రానికి పెద్ద, సుభద్రమ్మ గారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. గోదావరి జిల్లా మాట, ఒంటరి బతుకు. నా ఇస్త్రీ చొక్కాను పైనుంచి కిందికి చూసి, "ఏమయ్యా, పెళ్లికొచ్చావా, పొదల్లోకొచ్చావా?" అన్నారు.

"రెండింటికీ ఇదే చొక్కా అండి" అన్నాను. ఆవిడ నవ్వారు. నేను నవ్వించడానికి అన్న మాట కాదది.

ముందు కళ్లతో వేరుచేయడం నేర్పారు. ముళ్ల వెదురు కొమ్ము ముంజేయంత లావుంటుంది, పొరల మీద నల్లటి నూగు. లోపల బోలు లేని సన్న వెదురు కొమ్ము బొటనవేలికి కాస్త పెద్దది, దాని నూగు గోధుమ రంగు. ఏ నూగైనా చేతికంటితే దురదే. మోకాలు దాటి ఎదిగినది కూరకు పనికిరాదు. ఎండ చూసిన మొన కంటే మట్టిలో దాగిన మొదలు కమ్మగా ఉంటుంది. కాని కన్ను చెప్పగలిగింది అంతవరకే. ఒకే జాతి, ఒకే వాలు, పక్కపక్కనే రెండు పొదలు ఉంటాయి. ఒకదాని కొమ్ము ఒక్క నీటితో తీపెక్కుతుంది, రెండోది నీళ్లు మార్చి మార్చి ఉడికించినా గొంతు పట్టుకుంటుంది. ముక్క నోట్లో పెట్టుకుంటే తప్ప తేలదు. అందుకే ఉడికించి పారబోసే నీళ్ల లెక్కతో ఆవిడ వాటిని విడదీశారు. ఒక నీటి కొమ్ము, రెండు నీళ్ల కొమ్ము, మూడు నీళ్ల కొమ్ము. చదువు రాని వాళ్లకూ తెలియాలని పొదకు గుడ్డపీలిక కట్టించి, అన్ని ముడులు వేయించేవారు.

మధ్యాహ్నం వంట ఆవిడే చేసేవారు. నేను చేరిన కొత్తలో ఒకరోజు పప్పు నోట పెట్టలేనంత ఉప్పు. వడ్డించిన చోట వంక పెట్టకూడదని నన్ను పెంచారు. "ఎలా ఉందయ్యా?" అంటే "బాగుందండి" అన్నాను. మర్నాడూ అదే ఉప్పు, అదే జవాబు. ఆ మర్నాడు కొమ్ములు తెచ్చే కన్నమ్మ వచ్చింది. పక్క గూడెం మనిషి, ఎవరికీ జంకదు. పప్పు కాస్త అరచేతిలో వేసుకుని నాకి, బయటికి పోయి ఉమ్మేసింది.

"ఏందమ్మా గిది! ఉప్పు కుండ బోర్లిచ్చినవా? గీ దొర ఎట్ల తింటుండు?"

సుభద్రమ్మ గారు నావైపు తిరిగారు. "మొన్నటి నుంచీ ఇంతేనా?"

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను. కన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "దొరతనమంటే గిదేనా, ఉప్పు మింగి సప్పుడు చెయ్యకపోవుడు? మేం గూడ కోయదొరలమే. మాకు నోరున్నది."

ఆమె వెళ్లాక సుభద్రమ్మ గారు అరుగు మీద కూర్చుని చెప్పారు. గొంతుకు పెద్ద జబ్బు చేస్తే కరెంటు పెట్టి వైద్యం చేశారట. జబ్బు పోయింది, దానితో రుచీ పోయింది. తిరిగి వస్తుందన్నారు, రాలేదు. అంతవరకూ కన్నమ్మ చేత తినిపించి, ఆమె ముఖం చూసి ముడులు వేయించేవారట. కన్నమ్మకు చేదంటే ఇష్టం. అందుకే ముందటేడు ముడులన్నీ ఒకటి తక్కువ పడ్డాయి.

"పై ఆఫీసుకు తెలిస్తే పంపేస్తారయ్యా. రుచి తెలియని దానికి రుచి చూసే పనేమిటంటారు, న్యాయమే. తమ్ముడింట్లో నాకో మంచం ఉంది. పొద్దున్నే ఆ మంచం మీంచి లేచి ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు." నన్ను చూసి అన్నారు. "నీకు మర్యాద ఎక్కువ. నా దగ్గర అది పనికిరాదు. నాలుక ఉందా?"

"మా ఇంట్లో మిగిలింది అదేనండి."

ఆ రోజు నుంచి ఉడికిన ప్రతి కుండ నుంచీ ముక్క తినడం నా పని. తినడం తేలికే, చెప్పడమే కష్టం. "చేదుగా ఉందండి" అంటే ఒప్పుకునేవారు కారు. "చేదని ఊరుకోకు. ఎక్కడ మొదలైంది? ఎక్కడ ఆగింది?" మా ఇంట్లో ఎవరూ తమకేమనిపిస్తోందో పైకి చెప్పేవారు కారు. నాకు మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? తడుముకుని తడుముకుని నేర్చుకున్నాను. "ముందు పాలకంకిలా తియ్యగా ఉందండి. నమిలాక నాలుక వెనక వేపపుల్ల తగిలినట్టుంది." ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. "ఊఁ, తర్వాత?" అనేవారు. "మింగాక లేదండి." ఒక్కోసారి తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నేను మింగేదాకా మింగకుండా ఉండేవారు. ఆ అరుగు మీద కూర్చున్నంతసేపూ నేను ఎవరింటివాణ్ణో నాకు గుర్తుండేది కాదు.

తర్వాతి వానాకాలంలో పై అధికారి ఒకాయన బయటివాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నాడని కబురొచ్చింది. గూడెం ఆడవాళ్లందరి ముందు సుభద్రమ్మ గారే తిని, ఏ కుండ ఎన్ని నీళ్లదో చెప్పి చూపించాలి. ఆ పొద్దున నేనే అన్నాను.

"కుండలన్నీ ముందుగా నేను రుచి చూస్తాను. మీరు ముక్క తినగానే మంచినీళ్ల గ్లాసు పెడతాను. కుడివైపు పెడితే సరిపోయినట్టు. ఎడమవైపు పెడితే ఇంకో నీరు కావాలని."

"ఇలాంటివి మీ ఇంట్లో నేర్పారా?"

"లేదండి. ఇదే మొదలు."

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోశారు.

అందరూ వచ్చి కూర్చున్నారు. సుభద్రమ్మ గారు మొదటి కుండలోంచి ముక్క తీసి నోట్లో పెట్టుకున్నారు. "ఎలా ఉందండీ మేడం?" అన్నాడు అధికారి. నేను గ్లాసు తెచ్చి ఎడమవైపు పెట్టాను. ఆవిడ గ్లాసును చూడలేదు, నా చేతిని చూశారు. నమిలి, మింగి, మెల్లగా అన్నారు.

"నాకు రుచి తెలియదండి. జబ్బు చేసి పోయింది. ఇక్కడి ముడులన్నీ ఈయన నాలుక చెప్పినవి. ఈయన్ని అడగండి."

"ఆఁ? గందుకేనా గా ఉప్పు!" అన్న కన్నమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. నేను ముక్క తిని, ఇంకో నీరు కావాలని చెప్పాను. అది నిజమే, ఆ కుండ చేదుగానే ఉంది.

ఆ నెలాఖరుకు ఆవిడను పంపేశారు. బస్సు దగ్గర అడిగాను, ఎందుకు చెప్పారని.

"గ్లాసు పెట్టేటప్పుడు నీ చెయ్యి వణికిందయ్యా. నీళ్లు బల్ల మీద తొణికాయి. ఆ చేతికి అది అలవాటు చెయ్యకూడదనిపించింది."

"నేనూ మానేస్తానండి."

"నువ్వూ వెళ్లిపోతే ముడులెవరు వేయిస్తారు? కన్నమ్మ వేయిస్తుందా? మళ్లీ అన్నీ ఒకటి తక్కువేస్తుంది."

"ఇంటున్ననమ్మా!" అంది నా వెనక నిలబడ్డ కన్నమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

కేంద్రం మూతపడేదాకా అక్కడే ఉన్నాను. ఏటా వానలు మొదలవగానే మొదటి కొమ్ము ఉడికించి, గిన్నెలో పెట్టుకుని దుమ్ముగూడెం ఎస్టీడీ బూత్‌కు వెళ్లేవాణ్ణి. ఆవిడకు ఫోను చేసి, నిలబడే ముక్క నోట్లో పెట్టుకుని చెప్పేవాణ్ణి. బూత్‌లో కుర్రాడు వింతగా చూసేవాడు, నేను పట్టించుకునేవాణ్ణి కాను. అవతలి నుంచి "ఊఁ, తర్వాత?" అని వినిపించేది. ఒక ఏడు ఫోను తమ్ముడు ఎత్తాడు. "అక్క ఎండాకాలంలోనే పోయిందండి. మీరెవరు?" అన్నాడు. ముక్క నోట్లోనే ఉంది. నేను ఆవిడకు ఏమవుతానో చెప్పడానికి మాట దొరకలేదు. మా ఇంటిపేరు చెప్పి పెట్టేశాను. ఆయనకు మా ఇంటిపేరు ఏం తెలుస్తుంది?

ఇప్పుడు అశ్వారావుపేటలో, పామాయిల్ తోటల పక్కన ఒక గదిలో ఉంటున్నాను. మాట్లాడే అవసరం పెద్దగా పడదు. మొన్న తెచ్చిన కట్ట విప్పి, ముడులు చెప్పినట్టు రెండు నీళ్లు పారబోశాను. పళ్లెం ముందు నిటారుగా కూర్చుని ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు పాలకంకిలా తియ్యగా ఉంది. నమిలాక నాలుక వెనక కొంచెం వేపపుల్ల. పైకే చెప్పాను. చెప్పి, అవతలి నుంచి అడగడానికి పట్టేంతసేపు మింగకుండా ఆగాను. అప్పుడు మింగి, మింగాక చేదు లేదని కూడా చెప్పాను.